పులి, చిరుతల సఫారీకి వెళ్లేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వేసవిలో అడవి ఎండి, నీరు కొద్ది గుంటలకే పరిమితమైనప్పుడు పులి, చిరుత కనిపించే అవకాశం పెరుగుతుంది కనుక సందర్శకులు ఆ నెలల్లోనే ఎక్కువగా వెళతారు. దాహంతో వచ్చే జంతువుకు అడ్డంగా వాహనం నిలపడం అప్పుడు జరిగే అతి పెద్ద తప్పు. గుంటకు దూరంగా, అది రావడానికీ పోవడానికీ దారి వదిలి, ఇంజను ఆపి కూర్చోవాలి.

పులిని వెతకడమంటే వెంటాడడం కాదు, అది నడిచిన దారిని చదవడం. తెల్లవారుజామున మెత్తటి దుమ్ములో పడిన అడుగును గమనించండి. వెడల్పైన అరికాలు, దాని ముందు నాలుగు వేళ్లు కనిపిస్తాయి కానీ గోళ్ల జాడ సాధారణంగా ఉండదు, ఎందుకంటే పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటాయి. అంచులు చెదరకుండా, పురుగులు పాకిన గీతలు లేకుండా ఉంటే ఆ అడుగు తాజాదని అర్థం. అయినా ఫొటో కోసమని వాహనం దిగకూడదు. ఆ అడుగు వేసిన జంతువు పక్క పొదలోనే పడుకుని ఉండవచ్చు. చిరుతయితే నాలుగు గజాల దూరంలో ఉన్నా కంటబడదు.

కంటికంటే చెవిని నమ్ముకోవడమే మేలని నా అభిప్రాయం. చుక్కల దుప్పి చిన్న అలికిడికే బెదిరి ఒకటి రెండుసార్లు అరవవచ్చు. కానీ సాంబరు దుప్పి తోక నిక్కబొడిచి, ముందుకాలు నేలకు తాటిస్తూ, ఒకే దిక్కుకు చూస్తూ పదేపదే అరిచిందంటే, చెట్టుమీది కొండముచ్చు కూడా అటే చూస్తూ దగ్గినట్టు అరుస్తుంటే, అక్కడ వేటాడే జంతువు ఉన్నట్టే భావించవచ్చు. మాటలు, ఫోన్ల మోత ఆగితేనే ఇవి వినిపిస్తాయి.

జంతువు కనిపించాక లేచి నిలబడడం, చేయి బయటికి చాచడం, ఫ్లాష్ వెలిగించడం ఎంతమాత్రం తగవు. అది చెవులు వెనక్కి మడిచినా, తోక విసురుగా కొట్టినా, గుర్రుమన్నా చాలా దగ్గరికి వెళ్లారని గుర్తించి, వాహనాన్ని మెల్లగా వెనక్కి తీయించండి. కూనలున్న తల్లి విషయంలో ఆ సంకేతాల కోసం ఎదురుచూడకుండా ముందే దూరం పాటించాలి. కాలినడకన ఎదురుపడితే పరుగెత్తకండి, వీపు చూపకండి, కూర్చోకండి. దానివైపే ముఖం ఉంచి, పిల్లలను ఎత్తుకుని, అడుగడుగుగా వెనక్కి జరగండి.

మరో వాహనం నుంచి కబురు అందగానే వేగం పెంచే డ్రైవర్లు ఉంటారు. పులి కనిపించకపోయినా పరవాలేదనీ, వేగంగా వెళ్లవద్దనీ బయలుదేరే ముందే డ్రైవరుకు స్పష్టంగా చెప్పండి.