ఇంటి పెద్దాయన జ్ఞాపకాలు రాయాలంటే

తొంభై ఏళ్లు ఇంటికోసమే బతికిన మనిషి గురించి రాసేటప్పుడు పుట్టిన తేదీతో మొదలుపెట్టకండి. ముందు ఆయన తోబుట్టువుల్ని, పాత స్నేహితుల్ని కలిసి, వాళ్ల అనుమతి తీసుకుని ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, కోపమొస్తే ఏం చేసేవారు, డబ్బు ఎక్కడ దాచేవారు లాంటి చిన్న ప్రశ్నలే వేయండి, ఎందుకంటే "ఆయన గురించి చెప్పండి" అంటే "చాలా మంచివారు" అని ఊరుకుంటారు.

మా నాన్న అందరం పడుకున్నాక తలుపు గడియ మరోసారి తడిమి చూసేవారు. ఆ చప్పుడు వింటేగానీ నాకు నిద్ర పట్టేది కాదు. అలాంటిది ఒక్కటి దొరికితే చాలు, అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. మీ పెద్దాయన కోపాన్నీ దాచకండి.

తేదీలు సర్టిఫికెట్లతో సరిచూసుకోండి. పాత ఫొటోలు 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయండి. వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను ఇంకు ముందువైపుకి దిగొచ్చు.