అత్త మీద కోపం దుత్త మీద: ఇంట్లో రాజకీయాల గొడవలు వస్తే ఏం చెయ్యాలి

"నేను నీ పేషెంటుని కాదమ్మాయ్" అన్నారు మా మావయ్యగారు, ముద్దపప్పులో నెయ్యి వేసుకుంటూ. 2024 జూన్ 4న ఆంధ్రా ఎలక్షన్ల రిజల్ట్స్ వచ్చాయి కదా, దాని తర్వాత వచ్చిన ఆదివారం మధ్యాహ్నం. డాలస్‌లో ఉండే మా మరిది వీడియో కాల్‌లో ఉన్నాడు, ఫోన్ ఆవకాయ జాడీకి ఆనించి పెట్టాం. తండ్రిదొక పార్టీ, కొడుకుదొక పార్టీ. 175లో 164 సీట్లు ఒకవైపే పోయాయి కాబట్టి ఒకళ్లు గాల్లో తేలుతున్నారు, ఇంకొకళ్లకి ముద్ద దిగట్లా. ఎవరిది ఏ పార్టీ అనేది చెప్పను, అడగొద్దు. మాట మాట పెరిగి "నీకు అక్కడ కూర్చుని ఏం తెలుసురా" దాకా వచ్చేసరికి నేను మధ్యలో దూరి, క్లినిక్‌లో మాట్లాడే గొంతుతో "మీకు చాలా బాధగా ఉందని నాకర్థమవుతోంది మావయ్యగారూ" అన్నా. దానికొచ్చిన సమాధానమే పైన రాసింది. మా ఆయన నవ్వు ఆపుకోలేక మజ్జిగ తెచ్చే వంకతో వంటింట్లోకి పారిపోయారు.

నేను సైకోథెరపీ చేస్తా, బెజవాడలో. క్లయింట్ల కథలు ఒక్కటి కూడా ఎక్కడా రాయను, పేర్లు మార్చి కూడా రాయను, అందుకే ఇందులో ఉన్నవన్నీ మా ఇంటి భాగోతాలే. ఆ రోజు నేను చేసిన తప్పుతోనే మొదలెడతా, ఎందుకంటే ఇలాంటి సలహాలు రాసేవాళ్లందరూ "వాళ్ల ఫీలింగ్స్‌ని గుర్తించండి" అని చెప్తారు, మన ఇళ్లల్లో పెద్దాళ్లతో ఆ డైలాగ్ కొడితే మాత్రం చచ్చినా పని చెయ్యదు. మీరేదో ట్రైనింగ్ తీసుకుని వాళ్ల మీద ప్రయోగం చేస్తున్నట్టు ఉంటుంది వాళ్లకి. ఇంట్లో కోడలు కోడలిలాగే మాట్లాడాలి.

అసలు సంగతి మన సామెతలోనే ఉంది, అత్త మీద కోపం దుత్త మీద అని. ఒకళ్ల మీద కోపం ఇంకోచోట తీర్చుకోవడం, మా పుస్తకాల్లో దీన్ని డిస్‌ప్లేస్‌మెంట్ అంటారు, మన ఆడవాళ్లు కుండలు పగలగొట్టుకుంటూ ఎప్పుడో కనిపెట్టేశారు దాన్ని. టీవీ ముందు, వాట్సాప్ గ్రూపులో, భోజనాల దగ్గర జరిగే పార్టీల గొడవ చాలాసార్లు దుత్త. అత్త ఇంకెక్కడో ఉంటుంది. చాలాసార్లు అన్నా, ఎప్పుడూ అనలేదు, దాని సంగతి తర్వాత చెప్తా.

ముందు టైము చూసుకోండి

మే నెలలో మన కృష్ణా, గుంటూరు వైపు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఏ సీరియస్ మాటా ఎత్తొద్దు. పొలం పంపకం కానీ పెళ్లి సంబంధం కానీ ఎలక్షన్లు కానీ, ఏదైనా సరే. వేడికి చిరాకు పెరుగుతుంది, రాత్రి ఉక్కకి నిద్ర పట్టకపోతే మర్నాడు ఓపిక సగానికి పడిపోతుంది, ఇది నేను ఇంట్లోనూ చూశా క్లినిక్‌లోనూ చూశా. రాత్రి తొమ్మిదింటి డిబేట్ అయ్యాక కూడా వద్దు, అప్పటికే పది మంది అరిచి అరిచి మన గొంతు కూడా ఆ శ్రుతిలో పెట్టేసి ఉంటారు.

ఎదురెదురుగా కూర్చోబెట్టి "రండి మాట్లాడుకుందాం" అనొద్దు, అలా పిలిస్తే మనవాళ్లకి పంచాయితీ గుర్తొస్తుంది. చేతులకి పనుండాలి, కళ్లు వేరే వైపు ఉండాలి. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, మునగాకు దూస్తూ, బండి మీద వెనక కూర్చుని వెళ్తూ అయితే మాటలు వాటంతట అవే వస్తాయి. మా అబ్బాయి పదమూడేళ్లవాడు, ఇంట్లో అడిగితే "ఏం లేదు" తప్ప ఇంకో ముక్క రాదు, స్కూటీ ఎక్కిస్తే బెంజ్ సర్కిల్ వచ్చేలోపు క్లాసులో ఎవడు ఎవడితో మాట్లాడట్లేదో మొత్తం చెప్పేస్తాడు.

"ఎందుకు" మానేసి "ఎప్పట్నుంచి" అనండి

ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతాది చదవకపోయినా పర్లేదు. మన ఇళ్లల్లో "ఎందుకు" అనే మాట ప్రశ్న కాదు, తిట్టు. ఎందుకు లేటు, ఎందుకు మార్కులు తగ్గాయి, ఎందుకు ఆ అబ్బాయితో తిరుగుతున్నావ్. చిన్నప్పట్నుంచి అలాగే విన్నాం కాబట్టి ఎవరైనా ఎందుకు అనగానే ముందు చెయ్యి అడ్డం పెట్టుకోవాలనిపిస్తుంది. "మీకు ఆ పార్టీ అంటే ఎందుకంత పిచ్చి" అని అడిగి చూడండి, ఉపన్యాసం వస్తుంది. "ఎప్పట్నుంచి మీరు వాళ్లకి వేస్తున్నారు" అని అడగండి, కథ వస్తుంది.

ఇది నాకు ఎలా తెలిసిందంటే వరద వల్ల. మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పుడు కింది పోర్షన్ మునిగింది, మావయ్యగారు ఉండేది అక్కడే. అందరం పైన మా పోర్షన్‌లో ఉన్నాం, కరెంట్ లేదు, డ్రోన్లతో ఆహారం పొట్లాలు పడేసేవాళ్లు, మా అబ్బాయికి అదో సరదా. మావయ్యగారు మాత్రం రాత్రంతా మెట్ల మీద టార్చ్‌లైట్ పట్టుకుని కూర్చుని నీళ్లు ఎన్ని మెట్లు ఎక్కాయో లెక్కపెట్టేవారు. "ఇంకో మెట్టు" అనేవారు. నిద్రపొమ్మంటే కసిరేవారు. నీళ్లు తీశాక నల్లటి బురద, ఫైరింజన్లు వచ్చి కడిగితే గానీ గచ్చు కనపడలేదు. మా అత్తగారు పోయి ఆరేళ్లయింది, ఆవిడ ఉషా కుట్టుమిషన్ బురదలో కూరుకుపోయింది, పెళ్లి ఆల్బమ్ ముద్దయిపోయింది.

ఇక నెలంతా గొడవే. ఏ ప్రభుత్వం గండ్లు పూడ్చలేదు, ఎవరు ఆక్రమణలకి పర్మిషన్లు ఇచ్చారు, ఎవరిది తప్పు. మా మరిది అక్కణ్ణుంచి రోజుకో వీడియో గ్రూపులో పడెయ్యడం, ఈయన దానికి వాయిస్ మెసేజ్ పెట్టడం. నేను కూడా తక్కువ తినలేదు, బుడమేరు దారిలో ఇళ్లు కట్టుకున్న వాళ్లలో మనమూ ఉన్నాం కదా అన్నా. నిజమే అన్నా కానీ ఆ టైములో అనాల్సిన మాట కాదు.

ఒకరోజు ఇద్దరం పెరట్లో కూర్చుని ఆ ఫోటోలు విడదీస్తున్నాం. ఎవరికైనా ఎప్పుడైనా అవసరం పడొచ్చు కాబట్టి పద్ధతి చెప్తా. తడి ఫోటోలు అంటుకుపోయుంటే అలా ఎండనివ్వకూడదు, ఎండాక లాగితే బొమ్మ ఊడొచ్చేస్తుంది. బేసిన్‌లో మంచినీళ్లు పోసి నానబెట్టి, అంచు దగ్గర్నుంచి మెల్లగా విడదీసి, బొమ్మ మీద వేలు పెట్టకుండా, పాత నూలు చీర పరిచి నీడలో బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టాలి. ఎండలో పెడితే చుట్టుకుపోతాయి. సగం వచ్చాయి, సగం రాలేదు. ఆ పనిలో ఉండగా ఊరికే అడిగా, "మెట్లు లెక్కపెట్టడం ఎప్పట్నుంచి అలవాటు మావయ్యగారూ?"

"డెబ్బై ఏడు" అన్నారు.

దివిసీమ ఉప్పెన. 1977 నవంబర్ 19. ఆయనది అవనిగడ్డ వైపు, అప్పటికి పంతొమ్మిదేళ్లు. ఊళ్లో ఒకళ్ల డాబా మీద గడిపారట ఆ రాత్రి, చీకట్లో నీళ్లు ఎంత దూరం వచ్చాయో కాలితో తడిమి చూసేవాళ్లట. "తెల్లారింది. ఊరు లేదు" అన్నారు. నాకు పెళ్లయి పదిహేనేళ్లు, మా ఆయన పుట్టి పెరిగిన ఇల్లు, మాలో ఎవరికీ ఆయన ఈ మాట చెప్పలేదు. పదివేల మంది పోయారని లెక్కల్లో చదువుకున్నా గానీ మా ఇంట్లోనే ఆ డాబా మీద నిలబడ్డ మనిషి ఉన్నారని తెలీదు. నేను ఏమీ అనలా. క్లినిక్ గొంతు అసలే వద్దు. ఇంకో ఫోటో తీసి ఆయన చేతికిచ్చా.

రాయబారాలు మొయ్యకండి

అమెరికన్ సైకియాట్రిస్ట్ ముర్రే బోవెన్ అని ఉండేవాడు, ఇద్దరి మధ్య టెన్షన్ పెరిగితే మూడో మనిషిని లాక్కొచ్చి త్రికోణం చేసేసుకుంటారు అని చెప్పాడు. మన ఇళ్లు చూస్తే ఆయన ఇంకో రెండు పుస్తకాలు రాసేవాడు. "మీ నాన్నకి చెప్పు", "వాడికి చెప్పవే", ఒకే హాల్లో కూర్చుని మధ్యలో అమ్మ పోస్ట్‌మ్యాన్. అమ్మకి బీపీ ఊరికే రాదు. ఆ మధ్యలో ఉన్నది మీరైతే, వెటకారం లేకుండా "ఆయన ఇంట్లోనే ఉన్నారు, నువ్వే అడుగు" అని చెప్పి అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోండి. మొదటి రెండు వారాలు అందరూ మీ మీదే పడతారు, పడనివ్వండి.

వాట్సాప్ గ్రూపు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. ఫ్యామిలీ గ్రూపులో వాదించి గెలిచినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. గ్రూపులోంచి లెఫ్ట్ అవ్వొద్దు, పంక్తిలోంచి విస్తరి వదిలేసి లేచినట్టు ఉంటుంది, పదేళ్ల తర్వాత కూడా చెప్పుకుంటారు. మ్యూట్ చేసుకోండి చాలు. ఏదైనా వీడియో చూసి ఒళ్లు మండిందా, దానికి జవాబు టైప్ చెయ్యొద్దు, అది పంపినవాడికి ఫోన్ చెయ్యండి, చేసి ముందు వేరే సంగతి అడగండి, అన్నం తిన్నావా అని అడగండి. సగం సార్లు ఆ వీడియో ఊసే రాదు.

ఇంకో మాట, ఇది కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. మన దగ్గర పార్టీ అంటే చాలా ఇళ్లల్లో కులం. "మనోళ్లు" అంటాం చూడండి. మా అబ్బాయి ఏడో క్లాసులో ఉండగా "మనోళ్లంటే ఎవరు, మా ఫ్రెండ్ మనోడేనా" అని అడిగాడు, టేబుల్ దగ్గర ఎవ్వరం నోరు మెదపలా. పిల్లల ముందు ఆ మాట వాడేముందు ఈ ప్రశ్నకి జవాబు రెడీగా పెట్టుకోండి. నా దగ్గర అప్పుడు లేదు, ఇప్పుడూ పూర్తిగా లేదు, వాడు అడిగింది సరైన ప్రశ్నే అని మాత్రం వాడితో చెప్పా.

అత్తే ఎదురుగా ఉంటే

మా వృత్తిలో ఉన్న జబ్బేంటంటే ప్రతిదానికీ లోపల ఇంకేదో ఉందనడం. లోపల ఏమీ లేనివి కూడా ఉంటాయి. మా అక్క అత్తారిది తుళ్లూరు వైపు, అమరావతి రాజధానికి 2015లో ల్యాండ్ పూలింగ్‌లో, అంటే బదులుగా ప్లాట్లు ఇస్తామంటే, పొలం ఇచ్చారు. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానులు అన్నాక ఆ ఇంట్లో రాజకీయం మాట్లాడకుండా ఉండమనడం అంటే ఊపిరి పీల్చొద్దు అనడమే. వాళ్ల పిల్ల పెళ్లి, పిల్లాడి చదువు అన్నీ ఆ ప్లాట్ల మీదే ఉన్నాయి. అదే ఊళ్లో సెంటు భూమి లేని కూలీ ఇంటికి అదే రాజధాని మాట ఇంకో రకంగా వినపడుతుంది, పంట పొలాలతో పాటు వాళ్ల పని కూడా పోయింది, చేతికొచ్చింది మొదట్లో నెలకి 2,500 పెన్షన్. ఇలాంటి ఇళ్లల్లో "ప్రశాంతంగా ఉండండి, ధ్యానం చెయ్యండి" అంటే అది సలహా కాదు, అవమానం. అక్కడ చెయ్యాల్సింది పక్కన కూర్చుని కాగితాలు చూడటం.

వరదప్పుడు కూడా అంతే. ప్రభుత్వ సాయం మునిగిన కింది పోర్షన్‌కి 25,000, పైన ఉన్నవాళ్లకి 10,000 అన్నారు. కింద అద్దెకున్నవాళ్లకి ఎక్కువ, పైనున్న ఓనర్లకి తక్కువ అని మా వీధిలో ఎన్ని ఇళ్లల్లో మాటలు ఆగిపోయాయో. నన్ను ఇద్దరు ముగ్గురు "కౌన్సెలింగ్ ఇవ్వండి మేడం" అన్నారు. కౌన్సెలింగ్ ఏం అక్కర్లేదు, లిస్టులో పేరు ఉందో లేదో చూసుకుని అర్జీ రాసుకోడం కావాలి. రాసిపెట్టా.

ఎప్పుడు బయటి సాయం తీసుకోవాలి

కోపం వేరు, ఈ కింది విషయాలు వేరు. రెండు మూడు వారాలుగా నిద్ర లేకపోవడం, తిండి మానేయడం, ఎవరితోనూ కలవకపోవడం, "నేను లేకపోతే మీరందరూ హాయిగా ఉంటారు" లాంటి మాటలు, తాగి చెయ్యి చేసుకోవడం. వీటికి ఇంట్లో సర్దుకుందాం అని ఆగొద్దు, ఆ మాటల విషయంలో అయితే మూడు వారాలు కాదు మూడు రోజులు కూడా ఆగొద్దు. టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, ఏ టైములో చేసినా ఎత్తుతారు, ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో కొడుతుంటే 181, ప్రాణం మీదకొస్తే 112.

మందులు రాసేది సైకియాట్రిస్ట్, ఆయన డాక్టర్. మాటలతో చేసేది నాలాంటి వాళ్లు, మేం మందులు రాయం. క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు ఉంటే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, అడిగితే నొచ్చుకునేవాళ్లయితే వేరే వాళ్లని చూసుకోండి. నాలుగు సిట్టింగుల్లో మొత్తం సెట్ చేసేస్తా అనేవాళ్ల దగ్గరకి అసలే వద్దు. హైదరాబాద్‌లో ఎవర్నైనా తిట్టాలంటే "ఎర్రగడ్డ కేసు" అంటారు, విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రి పేరు ఎత్తుతారు, రెండూ మానసిక వైద్యం చేసే సర్కారు ఆసుపత్రులే. ఆ జోకుల వల్లే జనం మా దగ్గరకి రావడానికి ఏళ్లు పడుతుంది, అందుకని ఆ జోకు మీ నోట్లోంచి వస్తే మాత్రం మానెయ్యండి, దానికి థెరపీ అక్కర్లేదు.

మావయ్యగారికి తిట్లు తగ్గాయా అంటే తగ్గలా. తొమ్మిదింటికి టీవీ పెట్టాల్సిందే, అందర్నీ కడిగెయ్యాల్సిందే. కానీ మొన్నో ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి, అంటే డాలస్‌లో శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి, ఈయనే ఫోన్ చేసి కొడుకుతో నలభై నిమిషాలు పోట్లాడారు. నేను మళ్లీ పార్టీలే అనుకుని పట్టించుకోలా. తీరా చూస్తే కుట్టుమిషన్ గురించి. వన్‌టౌన్‌లో ఒకాయన బాగు చేస్తానన్నాడు, కొత్త మిషన్ రేటు కంటే ఎక్కువ అడిగాడు. కొత్తది కొందాం నాన్నా, అది తుప్పు పట్టిపోయింది అంటాడు మరిది. మీ అమ్మ కాలు పెట్టిన పెడల్ కొత్తదానికి ఎక్కణ్ణుంచి వస్తుందిరా అంటారు ఈయన. ఇంకా తేలలేదు, ఈ ఆదివారం మళ్లీ ఉంది, ఆ గొడవలోకి మాత్రం నేను వెళ్లట్లేదు.