పక్షవాతం తరువాత ఇంట్లో కండరాల బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ: సమస్యలు, పరిష్కారాలు

తీవ్రమైన పక్షవాతంతో చేయి కదలకపోయినా, కదిలించాలన్న ప్రయత్నానికి కండరంలో పుట్టే కొద్దిపాటి మైక్రోవోల్టుల విద్యుత్తును చర్మం మీద అంటించిన ఎలక్ట్రోడ్లు పట్టుకొని, తెర మీద గీతగానో కదిలే చుక్కగానో చూపుతాయి. ఇదే బయోఫీడ్‌బ్యాక్. కండరాల విద్యుత్తును కొలిచే ఈ ఈఎంజీ పరికరం శరీరంలోకి కరెంటు పంపదు. కరెంటు పంపే స్టిమ్యులేటర్ వేరు. పేస్‌మేకర్ ఉన్నవారు డాక్టరు అనుమతి లేకుండా స్టిమ్యులేటర్‌ను వాడకూడదు.

సమస్య: ఎంత ప్రయత్నించినా గీత లేవడం లేదు.
కారణం: చేతిని అనుమానించే ముందు చర్మాన్ని చూడాలి. మన ఇళ్లలో ఉదయమే నువ్వుల నూనెతో మర్దన చేస్తారు. నూనె ఉన్న చోట ఎలక్ట్రోడు సరిగా అంటదు. వెంట్రుకలు, ఆరిపోయిన జెల్ కూడా ఇదే ఇబ్బంది పెడతాయి.
పరిష్కారం: మర్దనను శిక్షణ తరువాతకు మార్చి, చర్మాన్ని సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఎలక్ట్రోడ్లను సుమారు 2 సెంటీమీటర్ల ఎడంతో కండరం పొడవు వెంబడి అంటించి, పోలిక కోసం వాడే రిఫరెన్స్ ఎలక్ట్రోడును మోచేతి ఎముక మీద పెట్టాలి. అప్పటికీ గీత లేవకపోతే వాటినే బాగున్న చేతికి పెట్టి చూడాలి. అక్కడ లేస్తే పరికరం బాగున్నట్టే; ఏ కండరం మీద, ఎక్కడ అంటించాలో ఫిజియోథెరపిస్టు చేత గుర్తు పెట్టించుకోవాలి.

సమస్య: చేయి వదిలేసినా గీత కిందికి దిగదు.
కారణం, పరిష్కారం: ఛార్జరు తీసేయగానే గీత సర్దుకుంటే అది ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ రొద; పరికరాన్ని, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీదే నడపాలి. సర్దుకోకపోతే కండరంలో నిజంగానే బిగుతు ఉందేమో చూడాలి. చేతిని దిండు మీద ఆనించి, గీతను కిందికి దించడమే ఆ పూట సాధనగా పెట్టుకోవచ్చు.

సమస్య: భుజం ఎత్తబోతే మోచేయి దానంతటదే ముడుచుకుంటుంది.
కారణం: ఇది పరికరం లోపం కాదు, అసలు జబ్బే ఇది. మెదడు దెబ్బతిన్న తరువాత భుజం ముందరి డెల్టాయిడ్ కండరానికి ఇచ్చిన ఆజ్ఞ మోచేతిని ముడిచే బైసెప్స్‌నూ లేపుతుంది. షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో మార్క్ స్లట్జ్‌కీ బృందం రూపొందించిన పద్ధతి సరిగ్గా దీని కోసమే: ఒక కండరం చుక్కను ఒక దిశలో, రెండవది మరో దిశలో జరుపుతాయి, రెండూ కలిసి లేస్తే చుక్క ఏటవాలుగా పోతుంది. చుక్క తెర మీది గురికి తగలాలంటే ఒక్క కండరాన్నే లేపడం నేర్చుకోవాలి.
పరిష్కారం: చేతిని బల్ల మీద ఆనించి, బలంలో కొద్ది వంతు మాత్రమే వాడుతూ మొదలుపెట్టాలి. పక్కన కూర్చున్నవారు ప్రేమకొద్దీ "ఇంకా గట్టిగా" అంటుంటారు. బలం పెంచినకొద్దీ రెండు కండరాలూ మరింత కలిసిపోతాయి కనుక ఆ మాట మానుకోవడం మేలు. గీత ఎంత ఎత్తు లేచిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, రెండవ కండరం గీత ఎంత నిశ్చలంగా ఉందన్నదే లెక్క.

సమస్య: మొదట బాగా వచ్చి, కాసేపటికి తప్పుతుంది.
కారణం, పరిష్కారం: అలసట, లేదా చెమటకు జారిన ఎలక్ట్రోడు. నడుమ విశ్రాంతినిస్తూ చిన్న విడతలుగా చేయించాలి.

భుజం నొప్పి పుడితే ఆపి, ఫిజియోథెరపిస్టుకు చూపాలి. పడిపోయిన చేతిని పట్టి లాగకూడదు. మూతి ఉన్నట్టుండి వంకర పోయినా, మాట కొత్తగా తడబడినా, అలసట అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మెదడు రక్తనాళంలోని గడ్డను కరిగించే మందును సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు.