హాప్స్ వడకట్టలేదా? పులిసిన బీరుకు మాత్రం జల్లెడ పట్టకండి

ఇంట్లో బీరు కాస్తూ, వోర్ట్‌ను (ఇంకా పులియని మాల్ట్ కషాయాన్ని) హాప్స్‌తో (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులతో) సహా ఫర్మెంటర్‌లో (పులియబెట్టే డబ్బాలో) పోసేశారు. ఇప్పుడు అడుగున రెండంగుళాల పచ్చటి మడ్డి. కంగారు వద్దు. హాప్ పొడి, ప్రొటీన్ తరకలు, ఈస్ట్ మూడు వారాలు అలాగే ఉన్నా రుచి చెడదు. చెడేది మనం గుడ్డ పెట్టి వడకట్టినప్పుడే.

చల్లారిన వోర్ట్‌ను ఈస్ట్ వేయకముందు జల్లెడ పడితే తప్పులేదు, అప్పుడు ఈస్ట్‌కు గాలి కావాలి. పులిశాక గాలి తగిలిందా, బీరు పోయినట్టే. నా మొదటి ఐపీఏను (హాప్స్ ఎక్కువ వేసే రకం బీరును) పలచటి గుడ్డలో వడకట్టాను. మూడు వారాలకు బంగారు రంగు మట్టిరంగయింది, నోట్లో పోసుకుంటే తడిసిన అట్టపెట్టె రుచి.

వడకట్టకుండా తేటను సైఫన్‌తో తీసే పద్ధతి చెప్తాను, ఇది అమెరికాలో ఉన్నవాళ్లకు. 1978 చట్టం ప్రకారం ఇక్కడ ఇద్దరు పెద్దలున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్లు కాచుకోవచ్చు. ఇండియాలో మన ఊళ్లో లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ కేసవుతుంది.

ఆటో సైఫన్ (పంపు కొట్టి బీరును తోడే గొట్టం), ట్యూబు, బాట్లింగ్ బకెట్ (సీసాల్లో నింపేముందు బీరు పట్టేది), హైడ్రోమీటర్ (బీరు సాంద్రత కొలిచేది) చాలు. బీరు తగిలేదల్లా బీరు సామాన్లకు వాడే శానిటైజర్‌లో ముంచండి. హైడ్రోమీటర్ రీడింగ్ మూడు రోజులు మారకపోతే ఫర్మెంటర్‌ను ఫ్రిజ్‌లో 2 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు రోజులుంచండి. ఒకవైపు అడుగున చెక్కముక్క పెట్టండి, మడ్డి అవతలి మూలకు చేరుతుంది. సీసాల్లో గ్యాస్ పుట్టడానికి ఐదు గ్యాలన్లకు 120 గ్రాముల చక్కెరను రెండు కప్పుల నీళ్లలో మరిగించి, చల్లార్చి బకెట్‌లో పోయండి.

అసలు పని ఇప్పుడే. చారు తేట వంచుకునేటప్పుడు గిన్నె కదపం కదా, ఇదీ అంతే. ఫ్రిజ్‌లోంచి తీసిన ఫర్మెంటర్‌ను అదే వాలులో బల్లమీద పెట్టి రెండు గంటలు ముట్టుకోకండి. సైఫన్ గొట్టాన్ని అడుగుదాకా దించకండి. సగం లోతులో పట్టుకుని, బీరు తగ్గేకొద్దీ దించండి. చెక్క పెట్టిన వైపే ఉంచండి. ట్యూబు రెండో కొస బకెట్ అడుగుకు ఆనాలి, పైనుంచి ధారగా పడకూడదు.

చివర్లో కళ్లు ట్యూబు మీదే ఉండాలి. నువ్వుగింజంత పచ్చటి నలకలు ఒకటీ అరా కనిపిస్తాయి, ఫరవాలేదు. వరసగా వచ్చాయంటే వెంటనే ఆపేయండి. అడుగున లీటరు బీరు మిగిలినా వదిలేయండి. ఆ లీటరుకు ఆశపడితే నలకలు సీసాల్లోకి చేరతాయి, మూత తీయగానే నురగ పొంగి సగం బీరు నేలపాలవుతుంది.

గొట్టం మూతికి నైలాన్ సంచి కట్టమని కొందరంటారు. నేను కట్టను. హాప్ పొడితో అది మూసుకుపోతే మళ్లీ మళ్లీ పంపు కొట్టాలి, కొట్టినప్పుడల్లా బుడగలతో గాలి చేరుతుంది. నిదానంగా తీస్తే సంచి అవసరం రాదు.

మిగిలిన మడ్డిని సంచిలో మూటగట్టి, మూతున్న చెత్తడబ్బాలో వేయండి. ఇంట్లో కుక్క ఉంటే మరీ జాగ్రత్త, హాప్స్ కుక్కలకు విషం.