చూపు పైన, చెవి కింద: ఆరుబయట హాబీలకు బయల్దేరేముందు

ఆకాశం చూడ్డానికి వెళ్లినవాళ్లను ఆకాశం ఏమీ చేయదు. దెబ్బ తగిలేది కాళ్లకు. తల పైకెత్తి నాలుగడుగులు వెనక్కి వేస్తే చాలు, అక్కడ గుంత ఉందో గట్టు ఉందో పడ్డాకే తెలుస్తుంది. మెటల్ డిటెక్టర్ పట్టుకున్నవాళ్లది ఇంకో రకం. చూపు నేల మీద, చెవులకు హెడ్‌ఫోన్స్. ట్రాక్టర్ దగ్గరికొచ్చి హారన్ కొట్టినా వినబడదు. మనకు కాపలా కాయాల్సిన కన్నునో చెవినో హాబీయే పనిలో పెట్టేసుకుంటుంది. అందుకే సామాను సర్దుకోవడం కంటే ముందు తేల్చుకోవాల్సింది, ఆ కాసేపూ కాపలా ఎవరికి అప్పజెబుతున్నాం అన్నది.

ఆగస్టు 12, 13 తేదీల్లో పెర్సీడ్స్, డిసెంబరు 13, 14 తేదీల్లో జెమినిడ్స్ ఉల్కాపాతాలు జోరు మీదుంటాయి. టెలిస్కోప్ ముట్టనివాళ్లు కూడా దుప్పటి చంకన పెట్టుకుని చీకటి చోటు వెతుక్కుంటూ వెళ్లేది ఆ రాత్రుల్లోనే. కోతలయ్యాక ఖాళీ అయిన పొలాలు, తుఫాను వెలిశాక సముద్రతీరాలు డిటెక్టర్ వాళ్లకు సీజన్. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఒకసారి చదువుకోండి. వాళ్లు జారిపడేది ఎక్కువగా తెలిసిన చోటే.

పగలే ఒకసారి చూసి రండి

రాత్రి వెళ్లబోయే చోటును పగటి వెలుతురులో కాళ్లతో తిరిగి చూడటాన్ని మించిన జాగ్రత్త లేదు. పాడుబడ్డ బావి, తెగి వేలాడే ముళ్లతీగ, గడ్డి కప్పేసిన కాలువ, బండి వెనక్కి తిప్పుకునే జాగా, ఫోన్ సిగ్నల్ ఎక్కడిదాకా వస్తోంది, ఇవన్నీ అప్పుడే తెలుస్తాయి. సిగ్నల్ పోయే చోటు గుర్తుపెట్టుకోండి. మ్యాప్‌ను ఫోన్‌లోకి ముందే దించుకోండి.

నేల ఎవరిదో కనుక్కుని అనుమతి తీసుకోండి. మర్యాద సంగతి అలా ఉంచి, దీనికి భద్రత కారణం కూడా ఉంది. అర్ధరాత్రి పొలంలో లైట్లు కదులుతుంటే చూసినవాళ్లకు ముందుగా తట్టేది దొంగలనే. దూరం నుంచి టెలిస్కోప్ గొట్టం ఏ తుపాకీలాగో కనబడ్డా ఆశ్చర్యం లేదు. అలాగే ఇంట్లో ఒకరికి మూడు విషయాలు చెప్పి వెళ్లండి: కచ్చితంగా ఎక్కడికి, ఎప్పటికి తిరిగొస్తాం, ఎన్ని గంటలు దాటితే వెతకడం మొదలుపెట్టాలి. చాలామంది మొదటి రెండూ చెబుతారు. మూడోది లేకపోతే ఇంట్లోవాళ్లు "ఇంకాసేపు చూద్దాం" అనుకుంటూనే తెల్లారిపోతుంది.

చీకటికి అలవాటుపడ్డ కళ్ల మొండితనం

కళ్లు చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోన్ స్క్రీన్ చూస్తే ఆ కష్టమంతా పోతుంది. ఎర్రలైటు వాడమని చెప్పేది అందుకే: మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలు ఎరుపు కాంతికి దాదాపు స్పందించవు.

ఇక్కడే ఒక చిక్కుంది. అంతసేపు ఓపిక పట్టి సంపాదించుకున్న చూపు పోతుందని తెల్లలైటు వెయ్యకుండానే నడిచేస్తారు. ఎర్రలైటులో ఎత్తుపల్లాలు సరిగా తెలియవు, ఎరుపు రంగు వస్తువులు నేలలో కలిసిపోతాయి, గాయమైతే నెత్తురు కూడా కనబడదు. నా మట్టుకు నియమం ఇదీ: టెలిస్కోప్ దగ్గర ఎరుపు, నడకకు తెలుపు. పక్కవాళ్లు విసుక్కుంటారు, "లైటు వేస్తున్నా" అని ముందే ఒక కేక వేస్తే కళ్లు మూసుకుంటారు. అరగంటలో చూపు తిరిగొస్తుంది, బెణికిన మడమకు వారాలు పడుతుంది.

సామానంతా సూర్యాస్తమయానికి ముందే బిగించుకోండి. ట్రైపాడ్ కాళ్లకు మెరిసే టేపు అంటించండి. బరువైన మౌంట్ (టెలిస్కోప్‌ను మోసి తిప్పే స్టాండు) ఉన్నవాళ్లకు ఒక మాట: విప్పేటప్పుడు ముందు టెలిస్కోప్ తియ్యాలి, ఆ తర్వాతే కౌంటర్‌వెయిట్లు, అంటే దానికి సరితూగేలా అవతలి వైపు తగిలించే బరువులు. వరస తప్పితే టెలిస్కోప్ బరువుకు మొత్తం ఒక్కసారి తిరిగి పడుతుంది. కౌంటర్‌వెయిట్ కడ్డీ చివర బిగించే చిన్న మర ఉంటుంది, దాన్ని అలంకారం అనుకుని వదిలేయకండి. బరువు జారితే కాలివేళ్లను కాపాడేది అదే.

కళ్లకు అసలు ముప్పు రాత్రి కాదు, రాత్రికి అటూ ఇటూ ఉంది. బుధుడు సూర్యుడికి 28 డిగ్రీలకు మించి దూరం పోడు. అందుకని బైనాక్యులర్స్‌తో బుధుడి కోసం సూర్యాస్తమయం వేళ వెతికేవాళ్లు సూర్యుడి అంచును పట్టేసే ప్రమాదం ఉంది. సూర్యుడు పూర్తిగా దిగేవరకు లెన్స్ పైకెత్తకండి. తెల్లవారుజామున అయితే సూర్యోదయానికి ముందే ఆపేలా అలారం పెట్టుకోండి, ఎందుకంటే చూసే ధ్యాసలో సమయం తెలియదు. రెటీనాకు నొప్పి తెలిసే నరాలు లేవు. కాలిపోతున్నా మంట పుట్టదు. గంటల తర్వాత చూపు మధ్యలో మచ్చ కనబడ్డాకే సంగతి తెలుస్తుంది.

గ్రహణం కళ్లద్దాలు, ఐఎస్ఓ 12312-2 ప్రమాణానికి సరిపోయేవైనా సరే, ఉత్త కళ్లతో చూడటానికే. వాటిని పెట్టుకుని బైనాక్యులర్స్‌లోంచి చూస్తే లెన్సులు పోగేసిన వేడికి ఫిల్టరూ పోతుంది, కన్నూ పోతుంది. సౌర ఫిల్టర్ ఎప్పుడూ టెలిస్కోప్ ముందు మూతికి ఉండాలి. కొన్ని పాత టెలిస్కోపులతో ఐపీస్‌కు, అంటే కన్ను పెట్టి చూసే కటకానికి, బిగించే చిన్న నల్ల ఫిల్టర్ వచ్చేది. వేడికి అది పగులుతుంది. మీ పెట్టెలో ఉంటే ఎవరికీ ఇవ్వకుండా పారేయండి. ఫైండర్‌కు (గురి చూసుకోవడానికి పక్కన ఉండే చిన్న టెలిస్కోప్‌కు) మూత పెట్టడం మరిచిపోవద్దు, పిల్లలు ముందుగా కన్ను పెట్టేది అక్కడే.

పచ్చ లేజర్ పాయింటర్ గురించి ఎక్కువ చెప్పను. నక్షత్రాలు చూపించడానికి బాగుంటుంది, విమానం కాక్‌పిట్‌లోకి పడితే పైలట్ కళ్లు చెదురుతాయి. చాలా దేశాల్లో నేరం. అమెరికాలో 2012 నుంచి ఫెడరల్ నేరం. గుంపులో ఒకరి చేతిలోనే ఉండాలి, అది పిల్లల చెయ్యి కాకూడదు.

చలి, పురుగూ పుట్రా

మబ్బులేని రాత్రే మనకు కావాలి, మబ్బు లేకపోతే నేల వేడంతా పైకి పోతుంది. కదలకుండా పడుకుని ఉల్కలు చూసేవాళ్లకు చలి అనుకున్నదాని కంటే బాగా ఎక్కువ, అన్నిటికంటే గట్టిగా కొట్టేది సూర్యోదయం ముందు. పైన రెండు దుప్పట్లు కప్పుకునే బదులు ఒకటి కింద పరవండి, దాని కింద చాప వెయ్యండి. ఫోన్, పవర్ బ్యాంక్ లోపలి జేబులో ఉంచుకోండి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, సహాయానికి ఫోన్ చేయాల్సిన వేళకు అది ఆరిపోయి ఉంటుంది.

దోమల మందు ఇంటి దగ్గరే రాసుకుని చేతులు తుడుచుకోండి. అందులో డీట్ అనే రసాయనం ఉంటే కొన్ని ప్లాస్టిక్‌లను కరిగిస్తుంది, లెన్సు పూతను పాడుచేస్తుంది. పెట్టెలు, సంచులు మూసే ఉంచండి. తెరిచిన పెట్టెలో తేలు దూరితే చెయ్యి పెట్టాకే తెలుస్తుంది. అతినీలలోహిత టార్చి ఒకటి జేబులో ఉంటే మంచిది. ఆ వెలుతురులో తేళ్లు పచ్చగా మెరుస్తాయి, పడక పరిచేముందు నేలంతా ఒకసారి వేసి చూడొచ్చు. చీలమండ దాటిన బూట్లు వేసుకుని అడుగు గట్టిగా వెయ్యండి. డిటెక్టర్ మోగిందని కలుగులోకి, రాళ్ల సందుల్లోకి చెయ్యి పెట్టకండి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం ఏవీ చేయొద్దు. కాటు పడ్డ అవయవం కదలకుండా ఉంచి, ఉంగరాలు, గడియారం తీసేసి, నేరుగా ఆస్పత్రికి.

డిటెక్టర్ మోగినప్పుడు

డిటెక్టర్ కింద లోహం ఉందని చెబుతుంది, అదేమిటో చెప్పదు. సిగరెట్ పెట్టెలోని రేకూ చిన్న బంగారు ఉంగరమూ ఒకేలా మోగవచ్చు. కాబట్టి ఈ హాబీలో అన్నీ తవ్వాల్సిందే. ఆ అన్నిటిలో పేలని గుండు కూడా ఉండొచ్చు. 1914–18 యుద్ధం జరిగిన ఫ్రాన్స్, బెల్జియం పొలాల్లో నాగలికి ఇప్పటికీ ఏటా ఫిరంగి గుండ్లు తగులుతూనే ఉన్నాయి, వాటిలో విషవాయువు నింపినవీ ఉన్నాయి. తుప్పు పట్టడం వల్ల అవి చచ్చిపోవు. లోపలి మందు నిలకడ తప్పి ఇంకా ప్రమాదకరం కావచ్చు.

గొట్టంలాగానో పండు ఆకారంలోనో బరువైన తుప్పు ముద్ద కనబడితే అక్కడితో ఆపండి. మట్టి గీకొద్దు, ఫొటో కోసం తిప్పొద్దు, పక్కకు జరపొద్దు. వచ్చిన దారినే వెనక్కి నడిచి, దూరం నుంచి గుర్తు పెట్టి, పోలీసులకు చెప్పండి. బండిలో వేసుకుని స్టేషన్‌కు తీసుకెళ్లే సాహసం అసలొద్దు. నదుల్లో అయస్కాంతం వేసి లాగేవాళ్లకూ ఇదే, తాడు చివర గ్రెనేడు రావడం కొత్తేమీ కాదు. పాత యుద్ధభూములు, కాల్పుల సాధన మైదానాలు, మందుపాతరలు పాతిన ప్రాంతాలకు జాగ్రత్తలంటూ ఏమీ లేవు. అక్కడికి వెళ్లకూడదు, అంతే.

తవ్వుతుంటే వరసగా ఇటుకలు, రంగు ప్లాస్టిక్ పట్టీ, లేదా చుట్టూ లేని మెత్తటి ఇసుక పొర తగిలితే కింద కరెంటు కేబులో గ్యాస్ పైపో ఉండొచ్చు. ఆపి గుంత పూడ్చేయండి. ధనుర్వాతం క్రిములు మట్టిలోనే ఉంటాయి కాబట్టి టీకా వేసుకుని పదేళ్లు దాటితే సీజన్ ముందే మళ్లీ వేయించుకోండి. మందపాటి చేతి తొడుగులు ఎలాగూ ఉండాలి. ఇసుకలో మోకాలి లోతు దాటి తవ్వొద్దు, పొడి ఇసుక అంచులు చప్పుడు లేకుండా కూలతాయి. హెడ్‌ఫోన్స్ ఒక చెవికే పెట్టుకోండి. చిన్న మోతలు కొన్ని తప్పిపోతాయి, పోనివ్వండి.

దొరికిన వస్తువు మీదవుతుందో లేదో చట్టం తేలుస్తుంది. ఇంగ్లండ్‌లో 1996 నాటి ట్రెజర్ యాక్ట్ కింద నిధి అనదగ్గది దొరికితే 14 రోజుల్లో కరోనర్‌కు (అనుమానాస్పద మరణాలతో పాటు నిధుల విచారణ కూడా చూసే అధికారికి) తెలపాలి. భారతదేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టర్‌కు చెప్పాలి. రక్షిత కట్టడాల దగ్గర డిటెక్టర్ బయటికే తీయొద్దు.

అమావాస్య సముద్రం

ఈ రెండు హాబీలూ ఒకే ప్రమాదంలో కలిసే చోటు ఇది. నక్షత్రాలకు చీకటి కావాలి కాబట్టి అమావాస్య ఎంచుకుంటాం. సముద్రం అమావాస్యకూ పౌర్ణమికీ, ఆ వెంటనే ఒకటి రెండు రోజులకూ అన్నిటికంటే ఎత్తుకు వస్తుంది, అంతే లోపలికీ పోతుంది. నీళ్లు బాగా వెనక్కి పోయి కొత్త ఇసుక బయటపడుతుందని డిటెక్టర్ వాళ్లూ అవే రోజులు పట్టుకుంటారు.

ఆటు నుంచి పోటుకు చాలా తీరాల్లో సుమారు ఆరుగంటలు పడుతుంది. కానీ నీరు సమంగా ఎక్కదు: మధ్య రెండు గంటల్లోనే దాదాపు సగం వచ్చేస్తుంది. పైగా ఎదురుగా రాదు. ఇసుక తిన్నె మీద మీరు నిలబడి ఉండగా వెనక ఉన్న పల్లాలు ముందు నిండుతాయి. తల తిప్పి చూసేసరికి ఒడ్డుకూ మీకూ మధ్య నీళ్లుంటాయి. ఆ తీరానికి సంబంధించిన ఆటుపోట్ల పట్టిక చూసి, ఆటు అడుగంటే సమయానికి ఫోన్‌లో అలారం పెట్టండి. అది మోగిందంటే తిరుగు ప్రయాణం. కొండ అంచు కింద ఉన్న ఇరుకు తీరమైతే అంతకంటే ముందే. రాత్రి ఆకాశం చూసేవాళ్లు పడక ఎండిన నాచు గీతకు పైన వేసుకోవాలి, క్రితం పోటు అక్కడిదాకా వచ్చిందని ఆ గీతే చెబుతుంది.

మెరుపు కనబడ్డాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు మీకు పది కిలోమీటర్లలోపే ఉంది. అప్పుడు సర్దుకోవడం మొదలుపెట్టకండి. ఖాళీ మైదానంలో అన్నిటికంటే ఎత్తుగా ఉన్నది మీరే. టెలిస్కోప్, డిటెక్టర్ ఉన్నచోటే వదిలేసి కారులోకో పక్కా భవనంలోకో వెళ్లండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

తిరిగి వచ్చేటప్పుడు నిద్ర ముంచుకొచ్చేది తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య. ఆ వేళ పాటలు పెట్టుకున్నా, అద్దం దించుకున్నా నిద్ర ఆగదు. రోడ్డుకు దూరంగా బండి ఆపి, ఇంజన్ కట్టేసి 20 నిమిషాలు కునుకు తీయండి. వెచ్చదనం కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచి అద్దాలు బిగించుకుంటే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ లోపల చేరవచ్చు. దుప్పటి ఎలాగూ ఉంది, కప్పుకోండి.