టైల్స్ వేసే ముందు మూలమట్టానికి లైన్లు కొట్టుకోవడం ఎలా

గోడ పట్టుకుని టైల్స్ మొదలెట్టొద్దు, మన ఇళ్లలో గోడలు నిజంగా మూలమట్టానికి, అంటే సరిగ్గా 90 డిగ్రీలకి, ఉండేది తక్కువే, ఈ మూల నుంచి ఆ మూలకి వెళ్లేసరికి అంగుళం తేడా వచ్చేసి చివరి వరసలో ముక్కలు ఒకవైపు సన్నగా ఇంకోవైపు లావుగా తయారవుతాయి.

ఎదురెదురు గోడల సెంటర్లు టేపుతో కొలిచి మార్క్ చేసి, రంగు పొడి పూసిన దారం బిగించి నేల మీద గీత పడేలా కొట్టండి. దానికి అడ్డంగా ఇంకోటి. ఇక్కడే 3-4-5 లెక్క: రెండూ కలిసే చోటు నుంచి ఒక లైను మీద 3 అడుగులు, రెండో దాని మీద 4 అడుగులు గుర్తు పెడితే ఆ గుర్తుల మధ్య కరెక్టుగా 5 అడుగులు రావాలి. ఎక్కువొస్తే మూల తెరుచుకుంది, తక్కువొస్తే మూసుకుంది, అడ్డం దారం జరపండి. హాలు పెద్దదైతే 6-8-10 పెట్టుకోండి, చిన్న కొలతలో కనపడని తప్పు అక్కడ దొరికిపోద్ది. మేస్త్రీ చేతిలో ఉండే చిన్న మూలమట్టాన్ని నమ్ముకుని 20 అడుగుల హాలు లాగించేయొద్దు.

తర్వాత సిమెంట్ లేకుండా స్పేసర్లు (టైల్స్ మధ్య సందు సమానంగా ఉంచే చిన్న ప్లాస్టిక్ ముక్కలు) పెట్టి, అటొక వరస ఇటొక వరస ఉత్తినే పరిచి చూడండి, గోడ దగ్గర సగం టైల్ కన్నా చిన్న ముక్క పడుతుంటే లైనే సగం టైల్ పక్కకి జరపండి. సన్న ముక్క తప్పదంటే మంచం కిందకో బీరువా వెనక్కో తోసేయండి, గుమ్మం ముందు మాత్రం వద్దు.