కార్డు కాపలా – 3వ పాఠం: ఓటీపీ అడగని తలుపు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? కార్డు వెనక ముద్రించిన కస్టమర్ కేర్ నంబరును ఫోనులో సేవ్ చేసుకోమన్నాను. చేయకపోతే ముందు ఆ పని చేసి రండి. ఆ నంబరు మీ చేతిలో ఉందనుకునే ఈ పాఠమంతా చెబుతున్నాను. నెట్‌లో వెతికితే దొరికే "కస్టమర్ కేర్" నంబర్లలో దొంగలు పెట్టినవీ ఉంటాయి. కంగారులో ఏది అసలుదో తేల్చుకోలేం.

"ఓటీపీ ఎవరికీ చెప్పను, ఇక నాకేం భయం?" అని చాలామంది అంటారు. నేనూ అదే ధీమాతో ఉండేవాణ్ణి. ఒక రాత్రి పడుకోబోతుంటే, నా కార్డు మీద ఒక డాలరు ఖర్చయిందని మెసేజ్ వచ్చింది. కార్డు బీరువాలోనే ఉంది, ఓటీపీ ఏదీ రాలేదు. ఏదో పొరపాటై ఉంటుంది, పొద్దున చూద్దాంలే అని పడుకున్నాను. పొద్దున లేచేసరికి నాలుగు వందల డాలర్లు పోయాయి. ఆ ఒక్క డాలరు, కార్డు పనిచేస్తోందా లేదా అని వాళ్లు వేసి చూసిన గాలం.

ఇది ఎలా జరుగుతుంది? మన దేశంలో ఆన్‌లైన్‌లో కార్డు వాడితే రెండో తనిఖీ తప్పనిసరి అని రిజర్వు బ్యాంకు 2009లోనే నిబంధన పెట్టింది. మనకు ఓటీపీ వచ్చేది అందుకే. విదేశీ వెబ్‌సైట్లన్నీ ఆ తనిఖీ అడగవు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు ఉంటే చాలు. కొన్ని చోట్ల ఆ మూడంకెలు కూడా అక్కర్లేదు.

మరి నంబరు వాళ్లకెలా తెలిసింది? ఏదో ఒక సైటు నుంచి బయటికి పొక్కి ఉండవచ్చు. అసలు ఎక్కడా పొక్కకపోయినా దొరకవచ్చు. కార్డు మీది మొదటి ఆరు లేదా ఎనిమిది అంకెలు ఏ బ్యాంకుదో చెబుతాయి. చివరిది మిగతా అంకెల లెక్కను బట్టి వచ్చే తనిఖీ అంకె. నడుమ మిగిలినవాటిని కంప్యూటరుతో వేల రకాలుగా మార్చి చూస్తూ పోతే ఏదో ఒకటి తగులుతుంది. అంటే మీ తప్పు ఇసుమంత లేకపోయినా మీ కార్డు దొరకవచ్చు. జాగ్రత్తగా ఉన్నా పోయిందని సిగ్గుపడి ఇంట్లో కూడా చెప్పనివాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి.

ఇప్పుడు అభ్యాసం. బ్యాంకు యాప్ తెరిచి, కార్డు సెట్టింగుల్లో అంతర్జాతీయ లావాదేవీల స్విచ్ ఎక్కడుందో వెతకండి. ఈ స్విచ్చులు మన చేతికి రావడానికి కారణం 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం. దాన్ని ఆఫ్ చేయండి. విదేశీ సైటులో ఏదైనా కొనాల్సి వస్తే అయిదు నిమిషాలు ఆన్ చేసి, పని కాగానే ఆపేయండి. అమెరికాలో చదువుకుంటున్న అబ్బాయి మీ కార్డు మీద తీసుకున్న యాడ్-ఆన్ కార్డు వాడుతుంటే ముందు వాడితో మాట్లాడండి. అక్కడ స్విచ్ ఆపలేం కాబట్టి రోజువారీ పరిమితి తగ్గించాలి. మిషనుకు తాకిస్తే చాలు డబ్బు పోయే పద్ధతికీ వేరే స్విచ్ ఉంది. పిన్ లేకుండా ఒక్కసారికి 5,000 రూపాయల వరకు పోవచ్చు. వాడని వాళ్లు అదీ ఆపేయండి.

ఇంత చేసినా మెసేజ్ వచ్చిందనుకోండి. మొత్తం ఎంత చిన్నదైనా వెంటనే యాప్‌లో కార్డు లాక్ చేసి, సేవ్ చేసుకున్న నంబరుకు ఫోన్ చేయండి. "ఇది నేను చేసిన లావాదేవీ కాదు" అని ఆ మాటే స్పష్టంగా చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. తర్వాత సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఫోనులో చెప్పిందే బ్యాంకుకు మెయిల్ కూడా పెట్టండి. రేపు మీ చేతిలో ఉండే ఆధారం అదే.

ఇంత తొందర ఎందుకంటే, 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, తప్పు మీది కాక బయటివాళ్లది అయినప్పుడు, బ్యాంకు నుంచి మీకు మెసేజ్ అందాక మూడు పని దినాల్లోపు బ్యాంకుకు చెబితే మీ మీద ఒక్క రూపాయి భారం పడదు. మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు. నాలుగు నుంచి ఏడు పని దినాలైతే, అయిదు లక్షల లోపు పరిమితి ఉన్న క్రెడిట్ కార్డుకు మీ భారం 10,000 దాకా, అంతకు మించిన కార్డుకు 25,000 దాకా ఉండవచ్చు. ఆ తర్వాత అంతా బ్యాంకు విధానం మీద ఆధారపడుతుంది. మీరు చెప్పాక పది పని దినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా మీ ఖాతాలో జమ చేయాలి, 90 రోజుల్లో ఫిర్యాదు తేల్చాలి. తప్పు మీదేనని నిరూపించాల్సిన బాధ్యత బ్యాంకుదే. ఫోనులో ఎవరైనా దీన్ని తిరగేసి చెబితే ఈ తేదీ గుర్తు చేయండి.

ఒక్కచోట మాత్రం ఇదంతా కూలిపోతుంది. డబ్బు పోయాక "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు వెనక్కి వేస్తాం, వచ్చిన ఓటీపీ చెప్పండి" అంటూ ఫోను రావచ్చు. డబ్బు మీకు తిరిగి రావడానికి ఓటీపీ అవసరమే ఉండదు. మీరు చెప్పారా, అది మీ నిర్లక్ష్యం కిందికి వస్తుంది. బ్యాంకుకు తెలియజేసేదాకా అలా పోయిందంతా మీ నష్టమే. మా బంధువు ఒకరు మొదటిసారి పోయిన డబ్బు వస్తుందన్న ఆశతో రెండోసారి పోగొట్టుకున్నారు. అందుకే ఈ మాట మీ ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

వచ్చే పాఠానికి పని: గత మూడు నెలల స్టేట్‌మెంట్లు దగ్గర పెట్టుకుని, 200 రూపాయల లోపు ఖర్చుల్లో మీరు గుర్తుపట్టలేని ప్రతిదాని పక్కనా పెన్సిల్‌తో గీత పెట్టి తీసుకురండి. ఆ గీతల్లో ఏవి మీరే ఎప్పుడో ఒప్పుకున్న నెలవారీ చందాలో, ఏవి కావో ఎలా తేల్చుకోవాలో నాలుగో పాఠంలో చూద్దాం.